యాక్సిడెంట్ అయితే టో ట్రక్‌ని ఎవరు పిలవాలి? మా కౌంటీలో లిస్టు పద్ధతి మారుస్తున్నారట

శ్రీధర్_ఎఫ్ఎల్
అందరికీ నమస్తే. ఫ్లోరిడాలో ఉంటాం. కౌంటీ పేరు రాయడం లేదు, కారణం చదివితే మీకే అర్థమవుతుంది.

పోయిన నెల ఆఫీసు నుంచి వస్తుంటే సిగ్నల్ దగ్గర ఒక పికప్ వెనక నుంచి గుద్దింది. దేవుడి దయ, మనుషులకేం కాలేదు. కారు మాత్రం కదల్లేదు. నా ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంది కదా అని ఫోన్ చేస్తుంటే షెరీఫ్ డెప్యూటీ (కౌంటీ పోలీసు) వద్దన్నాడు. లేన్ బ్లాక్ అయింది, మా లిస్టులో వాళ్లు బయల్దేరారు అన్నాడు. సరే అన్నాను. అప్పుడు ఎవరైనా సరే అనే అంటారు.

శుక్రవారం సాయంత్రం అది. బండి టో కంపెనీ యార్డుకి వెళ్లింది. కారు బాగుచేసే బాడీ షాపు ఒక పక్క, యార్డు ఇంకో పక్క. సోమవారం దాకా ఆఫీసు మూత. మధ్యలో వస్తే గేటు తీయడానికి విడిగా ఫీజు. బిల్లు చూస్తే హుక్ చేసినందుకు ఒకటి, మైలేజీ ఒకటి, రోడ్డు మీద ఆయిల్ ఊడ్చినందుకు ఒకటి, ఫొటోలు తీసినందుకు ఒకటి, రోజువారీ స్టోరేజ్, దాని మీద 'అడ్మిన్'. ఇన్సూరెన్స్ వాళ్ల తరఫున క్లెయిమ్ చూసే అడ్జస్టర్ సగం లైన్లు కొట్టేసి, మిగతావి నువ్వు చూసుకో అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. మా కౌంటీ కమిషన్ (కౌంటీని నడిపే సభ) టోయింగ్ ఆర్డినెన్స్, అంటే లోకల్ చట్టం, మారుస్తోంది. ఇన్నాళ్లూ రొటేషన్ లిస్టు, అంటే టో కంపెనీలని వంతులవారీగా పిలవడం. ఇప్పుడు టెండర్ పిలిచి మొత్తం ఒకే కంపెనీకి ఇవ్వాలని ఒక ప్రతిపాదన, కౌంటీని జోన్లుగా చేసి జోనుకొకరికి ఇవ్వాలని ఇంకొకటి. పబ్లిక్ హియరింగ్‌లో మనిషికి 3 నిమిషాలు. నేను పేరిచ్చేశాను. ఏం మాట్లాడితే పనికొస్తుందో చెప్పండి. తిట్టుకోవడం అయితే ఇంట్లో అయిపోయింది.

బావగారు_జెర్సీ
3 నిమిషాల్లో ఒక నిమిషం మన పేరు స్పెల్లింగ్ చెప్పడానికే సరిపోతుంది. ప్లాన్ చేసుకోండి 🙂

పద్మజ_ఓర్లాండో
శ్రీధర్ గారూ, నేను లా ఆఫీసులో పనిచేస్తాను, లాయర్‌ని కాదు. ముందు ఒక విషయం విడదీసుకోండి, లేకపోతే హియరింగ్‌లో స్టాఫే మిమ్మల్ని పక్కకి లాగేస్తారు.

బండి టో అయ్యే దారులు మూడు. మీరు మీ ఇష్టంతో పిలిచేది మొదటిది. ఆ రేటు మీకూ వాడికీ మధ్య బేరం, కౌంటీకి సంబంధం లేదు. అపార్ట్‌మెంట్లలో, షాపుల ముందు పార్క్ చేసినందుకు లాక్కెళ్లేది రెండోది. దానికి ఫ్లోరిడాలో 715.07 అని వేరే సెక్షన్ ఉంది. బోర్డులు ఎలా ఉండాలి, యార్డు ఎంత దూరంలో ఉండాలి, 30 నిమిషాల్లో పోలీసులకి చెప్పాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. బండి కదలకముందే మీరు వచ్చేస్తే సగం రేటుకి మించి తీసుకోకూడదని కూడా ఉంది. పోలీసు లేదా షెరీఫ్ చెప్పగా తీసుకెళ్లేది మూడోది. మీది ఇదే.

మూడోదానికి కౌంటీలు, సిటీలు పెట్టుకునే ఏర్పాటు సెక్షన్ 323.002లో వస్తుంది. కౌంటీ ఒకరితో కాంట్రాక్ట్ చేసుకోవచ్చు, నలుగురితోనూ చేసుకోవచ్చు. పోలీసు రేడియో విని యాక్సిడెంట్ చోటికి బయట కంపెనీ ట్రక్ వేసుకెళ్లడం తప్పు. దారిలో పోతూ ఆగి, నేను తీసుకెళ్తానని డ్రైవర్‌ని కదపడం కూడా తప్పే. అంటే లిస్టులో లేనివాడికి ఆ పని దాదాపు మూసేసినట్టే. అందుకే ఆ లిస్టు మీద అంత కొట్లాట.

రేటు సంగతి: 125.0103 ప్రకారం ఓనర్ ఇష్టం లేకుండా జరిగే టోలకి గరిష్ఠ రేట్లు కౌంటీ పెట్టి తీరాలి. 2024లో వచ్చిన సవరణతో ఆ రేట్లని వెబ్‌సైట్‌లో పెట్టాలి, ఎక్కువ తీసుకున్నారన్న కంప్లైంట్లు చూడటానికి ఒక పద్ధతి కూడా ఉండాలి. మీ కౌంటీ పేజీలో ఉందో లేదో ఈ రాత్రే చూడండి.

శ్రీధర్_ఎఫ్ఎల్
చూశానండి. పీడీఎఫ్ ఉంది. ఐదు మెనూలు దాటితే వస్తుంది. కంప్లైంట్ ఫారం మాత్రం కనపడలేదు.

వీల్‌లిఫ్ట్_రాజు
నేను అటువైపు మనిషిని, ముందే చెప్తున్నా. జాక్సన్‌విల్ దగ్గర ఒక ఫ్రెండ్‌తో కలిసి టో బిజినెస్ చేస్తున్నా. ఫ్లాట్‌బెడ్లు, ఒక వీల్‌లిఫ్ట్, ఒక పెద్ద రెకర్ (భారీ బండ్లు లాగే టో ట్రక్). ఇక్కడ అందరూ మమ్మల్ని దొంగలంటారని తెలుసు, పర్లేదు.

లిస్టులో ఉండటం అంటే ఏంటో చెప్తా. కంచె వేసిన యార్డు ఉండాలి, రాత్రంతా ఫోను ఎత్తే మనిషి ఉండాలి, ఇన్సూరెన్స్ కౌంటీ చెప్పినంత ఉండాలి, డ్రైవర్లకి బ్యాక్‌గ్రౌండ్ చెక్. ఇదంతా నెలనెలా ఖర్చు. పిలుపు వస్తే మన వంతు, ఎత్తకపోతే వంతు పోయినట్టే, మళ్లీ చివరికి. మన ఊళ్లో ఆటో స్టాండు సీరియల్ లాంటిదే. తేడా ఏంటంటే ఇక్కడ సీరియల్ పుస్తకం షెరీఫ్ డిస్పాచ్ (కాల్స్ అందుకుని బండ్లు పంపే ఆఫీసు) దగ్గర ఉంటుంది, మనకి కనపడదు.

లిస్టులో ఎక్కువ మంది ఉంటే నాకు వంతు ఎప్పుడో వస్తుంది. వచ్చినప్పుడు ఆ ఒక్క బండి మీదే నెల ఖర్చు రాబట్టుకోవాలనిపిస్తుంది. శ్రీధర్ గారి బిల్లులో అన్ని లైన్లు అందుకే. సమర్థించట్లేదు, కారణం చెప్తున్నా.

ఇంకోటి. కౌంటీల్లో అందరికీ తెలిసిన ట్రిక్కు, ఒకే ఓనర్ మూడు పేర్లతో మూడు కంపెనీలు పెట్టి లిస్టులో మూడు చోట్ల కూర్చుంటాడు. ఒకే యార్డు, అవే ట్రక్కులు, డోర్ మీద స్టిక్కర్ వేరు. హియరింగ్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదీ: ఒక ఓనర్‌కి ఒకే చోటా? ఒకే యార్డుని ఇద్దరు చూపించొచ్చా?

హ్యూస్టన్_మామ
మా ఊరి సంగతి చెప్తాను. ఇక్కడ ఒకప్పుడు యాక్సిడెంట్ అయితే అంబులెన్స్ కంటే ముందు రెకర్లు వచ్చేవి. రెండు మూడు ట్రక్కులు రేసుగా వచ్చి, ముందు ఎవడి హుక్ పడితే వాడిది బండి. 2005 జనవరిలో మేయర్ బిల్ వైట్ ఉండగా సేఫ్‌క్లియర్ అని తెచ్చారు. ఫ్రీవేలని ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కో టో కంపెనీకి అప్పగించారు. కబురు అందిన 6 నిమిషాల్లో అక్కడ ఉండాలి.

మొదట్లో గోల గోల. టైరు మార్చుకుందామని పక్కన ఆపినవాడి బండి కూడా లాగేసి బిల్లు చేతిలో పెట్టారని జనం మండిపడ్డారు. దాంతో ఫ్రీవే మీంచి దించే ఖర్చు సిటీ పెట్టుకుంది. తర్వాత బడ్జెట్ లేదని 2011లో మళ్లీ బండివాడి మీద 50 డాలర్లు వేశారు. ఇప్పుడు టో అండ్ గో అని హ్యూస్టన్-గాల్వెస్టన్ ఏరియా కౌన్సిల్ ద్వారా నడుస్తోంది. బండి చెడిపోతే ఫ్రీవే మీంచి దింపి భద్రమైన చోట పెడతారు, డబ్బు తీసుకోరు.

నేను చూసింది ఏంటంటే, ముక్కలు చేసి ఇవ్వడం వల్ల రేసులు తగ్గాయి. బిల్లు ఎవరు కట్టాలనేది మాత్రం ప్రతిసారీ విడిగా కొట్లాడాల్సి వచ్చింది. జోన్లు పెడితే రేటు తనంతట తనే తగ్గుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, శ్రీధర్.

డేటా_కిట్టు
నేను 911 (ఎమర్జెన్సీ నంబరు) డిస్పాచ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తా. ఏ కౌంటీకి అని అడక్కండి.

రొటేషన్ అంటే వరస. వరసలో ముందున్నవాడు కౌంటీకి ఆ చివర ఉండొచ్చు. జీపీఎస్ పెట్టి దగ్గర్లో ఉన్న ట్రక్కుని పిలవడం టెక్నికల్‌గా చాలా ఈజీ, ట్రక్కులన్నీ లొకేషన్ పంపడానికి ఒప్పుకుంటే చాలు. హైవే మీద లేన్ ఎంతసేపు మూసుంటే వెనకాల ఇంకో గుద్దుడు జరిగే ఛాన్స్ అంత పెరుగుతుంది. కాబట్టి పోలీసులకి దగ్గర ట్రక్కే కావాలి.

కానీ రాజు గారు ఒప్పుకోరు, ఎందుకంటే హైవే ఎగ్జిట్ పక్కన యార్డు ఉన్నవాడికే పనంతా పోతుంది. మిగతావాళ్లు ట్రక్కులు తీసుకొచ్చి ఎగ్జిట్ల దగ్గర పార్క్ చేసి కూర్చుంటారు. మళ్లీ మామ చెప్పిన పాత హ్యూస్టనే.

వీల్‌లిఫ్ట్_రాజు
కరెక్ట్ తమ్ముడూ. మా వాళ్లు గ్యాస్ స్టేషన్‌లో కాఫీ తాగుతూ కూర్చుంటారు 😀 మధ్యే మార్గం ఏంటంటే జోన్ లోపల రొటేషన్. జోనుకి నలుగురైదుగురు, వాళ్లలో వరస. మా దగ్గర హైవే పెట్రోల్ వాళ్ల పద్ధతి అలాగే జోన్లతో ఉంటుంది. చిన్న బండ్ల లిస్టు వేరు, సెమీ ట్రక్కులు లేపే పెద్ద రెకర్ల లిస్టు వేరు. పెద్ద రెకర్ కొనడానికి పెట్టే డబ్బుతో మన ఊళ్లో ఇల్లు కట్టొచ్చు. అది చిన్న లిస్టులో కలిపితే ఎవడూ కొనడు.

విజయ_చికాగో
లిస్టు ఎవరి చేతిలో ఉంటుందనేది ఇంకా పెద్ద విషయం. మా చికాగో పక్కన నార్త్‌లేక్ అని చిన్న సిటీ. అక్కడి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఓహేర్ ట్రక్ సర్వీస్ అనే కంపెనీ 1965 నుంచి ఆ సిటీ రొటేషన్ లిస్టులో ఉంది. పనిలో ఏ లోపమూ లేదు. ఎన్నికలొచ్చాయి. మేయర్ మనుషులు వచ్చి చందా అడిగారు. ఓనర్ ఇవ్వలేదు, పైగా పోటీ చేస్తున్న రెండో ఆయన బోర్డులు తన ఆఫీసు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత లిస్టులోంచి పేరు తీసేశారు.

కింది కోర్టులు, ఆయన ఉద్యోగి కాదు కదా, కాంట్రాక్టరే కదా, ఉద్యోగులకున్న రక్షణ ఈయనకెందుకు అన్నాయి. 1996లో సుప్రీంకోర్టు 7-2తో తిప్పేసింది. రాజకీయంగా ఎటు ఉన్నాడన్న కారణంతో ఉద్యోగిని తీసేయకూడదన్నప్పుడు కాంట్రాక్టర్‌ని కూడా తీసేయకూడదని జస్టిస్ కెన్నెడీ రాశారు. స్కాలియా, థామస్ ఒప్పుకోలేదు.

నాకు ఆసక్తిగా అనిపించింది వేరే. ఆ లిస్టు చూడటానికి ఏముంది, ఒక కాగితం మీద పది పేర్లు. కానీ అది మేయర్ చేతిలో ఉంటే చందా పుస్తకం అయిపోతుంది. మన మునిసిపాలిటీల్లో కాంట్రాక్టర్ల సంగతి చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

బావగారు_జెర్సీ
మనకి తెలియని విద్యా ఇది 😀

డెట్రాయిట్_సుబ్బు
మా వైపు ఇంకా ముదిరింది విజయ గారూ. క్లింటన్ టౌన్‌షిప్‌లో టోయింగ్ కాంట్రాక్ట్ కోసం ట్రస్టీకి (టౌన్‌షిప్ బోర్డు మెంబర్‌కి) లంచం ఇచ్చిన కేసులో గాస్పర్ ఫియోరె అనే టోయింగ్ పెద్దమనిషి జైలుకెళ్లాడు. డెట్రాయిట్ కౌన్సిల్ మెంబర్ ఆండ్రే స్పైవీ అయితే టోయింగ్ మీద కౌన్సిల్ చూస్తున్న వ్యవహారాల్లోనే దాదాపు 36 వేల డాలర్లు తీసుకున్నట్టు 2021లో ఒప్పుకున్నాడు, రెండేళ్ల శిక్ష పడింది. కాబట్టి మొత్తం ఒకే కంపెనీకి టెండర్ ఇస్తే లంచాలు పోతాయని అనుకోవడం అమాయకత్వం. లిస్టులో చిన్న చిన్నగా పది చోట్ల తీసుకునేది టెండర్‌లో ఒకే దెబ్బకి తీసుకుంటారు.

శ్రీధర్_ఎఫ్ఎల్
మరి ఏదీ మంచిది కాదంటారా? నాకు 3 నిమిషాల్లో ఏదో ఒకటి కావాలి అని చెప్పాలి కదా.

పద్మజ_ఓర్లాండో
నేనైతే ఏ పద్ధతి కావాలో చెప్పను శ్రీధర్ గారూ. ఆ రోజు రూములో టో కంపెనీలవాళ్లు, వాళ్ల లాయర్లు ఉంటారు. వరస ఎలా, జోన్ గీత ఎక్కడ, ఎవరు అర్హులు అని రెండు గంటలు మాట్లాడతారు, ఎందుకంటే అది వాళ్ల మధ్య పంపకం. బండి ఓనర్ తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు. జీవితంలో ఒకసారో రెండుసార్లో టో అయ్యేవాడు కమిషన్ మీటింగులకి తిరుగుతాడా? మీరు మాట్లాడాల్సింది బిల్లు గురించి, యార్డు గురించి, టైం గురించి. పద్ధతి ఏదైనా ఇవి అందులో ఉండాలి అని చెప్పండి.

కౌంటీకి రేటు పెట్టే అధికారం లేదని ఎవరైనా లాయర్ అంటే కంగారు పడకండి. 1994 నాటి ఫెడరల్ చట్టం రవాణా కంపెనీల రేట్లు, రూట్లు, సర్వీసుల మీద రాష్ట్రాలు చెయ్యి పెట్టకూడదంది నిజమే. టో ట్రక్కులు కూడా దాని కిందే వస్తాయి. కానీ ఓనర్ ముందుగా ఒప్పుకోకుండా చేసే టో రేటుకి అందులోనే మినహాయింపు ఇచ్చారు. సేఫ్టీ విషయాలు సిటీల చేతికి ఇవ్వొచ్చని 2002లో కొలంబస్ సిటీ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

వైట్‌ఫీల్డ్_వాసు
బెంగళూరు నుంచి ఒక మాట. మా దగ్గర నో పార్కింగ్ బండ్లని ఎత్తుకెళ్లే పని ట్రాఫిక్ పోలీసులు ప్రైవేటు వాళ్లకి ఇచ్చారు. ఎన్ని బండ్లు ఎత్తితే అంత డబ్బు అన్నట్టు తయారైంది. ఓనర్ పరిగెత్తుకుంటూ వస్తున్నా ఆగకుండా స్కూటర్ ఎత్తేసేవాళ్లు. గొడవలు ముదిరి 2022 ఫిబ్రవరిలో ఆపేశారు. మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 127లో టో ఖర్చు ఓనర్‌దే అని ఉంది, కానీ రేటు అడ్డగోలుగా ఉంటే ఏంటి అన్నది జనానికి తెలిసే దారే లేదు. హైవేల మీద మాత్రం 1033కి ఫోన్ చేస్తే క్రేన్ వస్తుంది, అది టోల్‌లో భాగమే. మీ హ్యూస్టన్ టో అండ్ గో వింటే అదే గుర్తొచ్చింది.

వీల్‌లిఫ్ట్_రాజు
పద్మజ గారూ, రేటు రేటు అంటున్నారు. కౌంటీ పెట్టిన గరిష్ఠ రేటు కొన్నిచోట్ల ఎన్నేళ్ల కిందటిదో చూశారా? డీజిల్ పెరిగింది, ట్రక్ ఇన్సూరెన్స్ పెరిగింది, డ్రైవర్ దొరకడం లేదు. రేటు పెంచమంటే ఎన్నికల ముందు ఏ కమిషనరూ పెంచడు. అప్పుడు కంపెనీలు ఏం చేస్తాయి? రేటు అంతే ఉంచి కొత్త లైన్లు కనిపెడతాయి. ఫొటో ఫీజు అలా పుట్టిందే. రేటుని ఏటా ధరల సూచీకి కట్టేయమని అడగండి. దానికి బదులు కౌంటీ రేట్ల షీట్‌లో లేని లైను ఏదీ బిల్లులో ఉండకూడదు అని రాయించండి. మంచి కంపెనీ ఏదైనా ఈ బేరానికి ఒప్పుకుంటుంది.

గేటు ఫీజు మాత్రం న్యాయమే. రాత్రి పదకొండింటికి మీ లాప్‌టాప్ కోసం నా మనిషి ఇంటి నుంచి రావాలి.

శ్రీధర్_ఎఫ్ఎల్
రాత్రి పదకొండు కాదు రాజు గారూ, శనివారం ఉదయం పది. లాప్‌టాప్ కూడా కాదు, పిల్ల కార్ సీటు. సీటు లేకుండా పాపని ఏ కారులోనూ ఎక్కించలేం. కంచె ఇవతల నుంచి కారు కనపడుతోంది, వెనక అద్దంలోంచి సీటు కనపడుతోంది, దాని మీద పాప బిస్కెట్ డబ్బా కూడా కనపడుతోంది. గేటు మీద ఫోన్ నంబరు. ఫోన్ ఎత్తినవాడు ముందు కార్డు నంబరు చెప్పమన్నాడు.

వీల్‌లిఫ్ట్_రాజు
శనివారం పదింటికి అయితే అది దోపిడీ. నేనైతే తీసుకోను.

కానీ ఆదివారం పూట మీ ఇంటికి ప్లంబర్ వస్తే ఎక్కువ ఇస్తారా లేదా?

పద్మజ_ఓర్లాండో
ప్లంబర్ నా సింకు పట్టుకుపోయి తన గోడౌన్‌లో పెట్టుకోడండీ.

శ్రీధర్ గారూ, 713.78 చదవండి. అది టో కంపెనీకి మీ బండి మీద లియెన్, అంటే బాకీ తీరేదాకా పట్టుకునే హక్కు, ఇచ్చే సెక్షన్. కానీ అందులోనే, బండికి బిగించి లేని వస్తువులు ఓనర్‌కి ఇచ్చేయాలని, బండి చూసుకోనివ్వాలని ఉంది. కార్ సీటు అలాంటిదే. అన్యాయంగా పట్టుకున్నారనుకుంటే బండి ఎక్కడుందో తెలిసిన 10 రోజుల్లో కౌంటీ కోర్టులో కంప్లైంట్ వేయొచ్చు. డబ్బు లేదా బాండ్ క్లర్క్ దగ్గర కట్టి బండి విడిపించుకోవచ్చు. వాదన తర్వాత. ఇది తెలిసినవాళ్లు తక్కువ. ఊరికే వదిలేస్తే మూడేళ్లు దాటిన బండిని 35 రోజుల తర్వాత అమ్మేసుకునే హక్కు వాళ్లకి వస్తుంది.

హ్యూస్టన్_మామ
టెక్సస్‌లో అయితే బండి టో అయిన 14 రోజుల్లోపు జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే చిన్న లోకల్ కోర్టులో హియరింగ్ అడగాలి. లైసెన్సులు టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర సంస్థ చూస్తుంది. కంపెనీ మీద కంప్లైంట్ అక్కడే. మీకు రాష్ట్రంలో అలాంటి ఒక్క ఆఫీసు లేకపోవడమే పెద్ద లోటు. కౌంటీకో రూలు అంటే గీత దాటితే రేటు మారుతుంది.

డేటా_కిట్టు
వెస్ట్ వర్జీనియాలో టో రేట్లు కరెంటు, నీళ్ల రేట్లు చూసే పబ్లిక్ సర్వీస్ కమిషన్ చేతిలోనే ఉంటాయి. ఏ కంపెనీని పంపాలన్నది లోకల్ 911 వైపు తేల్చుకుంటారు. రేటు ఒకరిది, పిలుపు ఇంకొకరిది. నాకు ఆ విడదీత నచ్చింది.

ఎంఎస్_స్టూడెంట్_చందు
అన్నా, అక్కా, అర్జెంట్. డల్లాస్ దగ్గర. నిన్న రాత్రి ఫ్రెండ్ అపార్ట్‌మెంట్‌లో పార్క్ చేస్తే కారు లేదు. పాస్‌పోర్ట్, ఐ-20 (స్టూడెంట్ వీసా కాగితం) గ్లవ్ బాక్స్‌లో ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ఇది ఈ లిస్టులో వస్తుందా?

హ్యూస్టన్_మామ
రాదు బాబూ, నీది ప్రైవేటు ప్రాపర్టీ టో. కంగారు పడకు. ముందు అక్కడి పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి ప్లేటు నంబరు చెప్పు, ఏ యార్డులో ఉందో చెప్తారు. వెళ్లేముందు పార్కింగ్ బోర్డు ఫొటో తీసుకో, బోర్డు లేకపోతే లేనట్టు వీడియో తియ్యి. కాగితాల కోసం ఈ రోజే వెళ్లు. రసీదు తీసుకో. 14 రోజుల లెక్క నిన్నటి నుంచి మొదలైంది, మర్చిపోకు. విడిగా పోస్ట్ పెట్టు, అక్కడ మాట్లాడదాం.

మోడరేటర్
చందు ప్రశ్నకి వేరే పోస్ట్ తెరిచాం. ఇక్కడ కౌంటీ ఆర్డినెన్స్ మీదే ఉందాం. కంపెనీల పేర్లు రాసిన రెండు కామెంట్లు తీసేశాం.

విజయ_చికాగో
ఒక్క విషయం చెప్పి ఆపేస్తా. యార్డులో బండి ఉండగా ఓనర్ రాలేకపోతే ఏమవుతుందో తెలియాలంటే న్యూ హాంప్‌షైర్ కేసు చూడండి. మంచు తీయాలని అపార్ట్‌మెంట్ వాళ్లు బండి టో చేయించారు. ఓనర్ మంచంలో ఉన్నాడు, తర్వాత ఆస్పత్రిలో పాదం తీసేశారు. ఆయనకి బండి పోయిన సంగతే తెలియదు. తెలిసి లాయర్ ద్వారా అడిగినా కంపెనీ బండిని వేరేవాళ్లకి ఇచ్చేసి పైసా ఇవ్వలేదు. ఇందాక పద్మజ గారు చెప్పిన ఫెడరల్ చట్టం అడ్డం పెట్టుకుని మమ్మల్ని కోర్టుకి లాగలేరు అంది. 2013లో సుప్రీంకోర్టు అందరూ ఒక్క మాటగా, బండి లాగడం అయిపోయాక నిల్వ పెట్టి అమ్ముకోవడం రవాణా కాదు, రాష్ట్ర చట్టం వర్తిస్తుంది అంది. కాబట్టి స్టోరేజ్ రూల్స్ విషయంలో కౌంటీ చేతులు కట్టేసి లేవు.

డెట్రాయిట్_సుబ్బు
టెండర్ గురించి ఒకటి అడగండి శ్రీధర్. కంపెనీ కౌంటీకి ఏమైనా ఫీజు కడుతుందా? చాలాచోట్ల ఎవరు ఎక్కువ ఫీజు ఇస్తే వాళ్లకి కాంట్రాక్ట్ ఇస్తారు. ఆ ఫీజు ఎవరి జేబులోంచి వస్తుంది? నీ జేబులోంచే.

పద్మజ_ఓర్లాండో
ఫ్లోరిడాలో దానికి కొంత అడ్డు ఉంది. టో కంపెనీల మీద ఫీజు వేయకూడదని 125.01047 చెప్తుంది, కొన్ని కౌంటీలకి మినహాయింపులున్నాయి. కానీ పబ్లిక్ ప్రాపర్టీ మీంచి టో అయిన బండి ఓనర్ దగ్గర గరిష్ఠ టో రేటులో 25 శాతం దాకా అడ్మిన్ ఫీజు కౌంటీ పెట్టుకోవచ్చు. టో కంపెనీ వసూలు చేసి పంపుతుంది. మీ బిల్లులో 'అడ్మిన్' కౌంటీదా, కంపెనీ సొంతంగా వేసుకున్నదా? అడగండి. బిల్లు ఐటమ్‌వారీగా రాసి ఇమ్మనండి.

వీల్‌లిఫ్ట్_రాజు
నాదీ ఒక మాట, తర్వాత మా వాళ్లు తిట్టినా సరే. రొటేషన్ బాగుందా లేదా అని లిస్టు చూసి తెలుసుకోలేరు. కాల్ లాగ్ చూడాలి. ఎవరి వంతు, ఎవరిని పిలిచారు, ఎవరు రానన్నారు, ఎందుకు దాటేశారు. లిస్టులో పన్నెండు పేర్లుండి లాగ్‌లో ముగ్గురే కనపడితే కథ తెలిసిపోతుంది. నెలనెలా ఆ లాగ్ వెబ్‌సైట్‌లో పెట్టమని అడగండి. కౌంటీకి ఖర్చేం లేదు, కిట్టు తమ్ముడిని అడగండి.

డేటా_కిట్టు
రిపోర్ట్ తీయడానికి బటన్ నొక్కాలి, అంతే. పేర్లు, ప్లేటు నంబర్లు తీసేసి పెట్టొచ్చు. ఈలోగా ఫ్లోరిడా పబ్లిక్ రికార్డ్స్ చట్టం చాప్టర్ 119 కింద పబ్లిక్ రికార్డ్స్ రిక్వెస్ట్ ఈమెయిల్‌లో పెట్టండి. కారణం చెప్పక్కర్లేదు.

శ్రీధర్_ఎఫ్ఎల్ · కొన్ని వారాల తర్వాత
హియరింగ్ అయింది. పద్మజ గారు చెప్పినట్టే, గదిలో బండి పోగొట్టుకున్నవాడిని నేనొక్కడినే. మిగతా వాళ్లందరి చొక్కాల మీద కంపెనీ లోగోలు. కార్ సీటు ఫొటో చూపించాను, షీట్‌లో లేని లైను బిల్లులో ఉండకూడదన్నాను, శనివారం పగలు గేటు ఫీజు లేకుండా చూడమన్నాను, లాగ్ బయటపెట్టమన్నాను. ఒక కమిషనర్ లాగ్ ఎందుకు పెట్టట్లేదని స్టాఫ్‌ని అడిగింది. చూస్తాం అన్నారు. నిర్ణయం వాయిదా. టెండర్ ఆలోచన ఇంకా ఉంది. ఒక ఓనర్‌కి ఒకే చోటు అన్న రూలు డ్రాఫ్టులోకి వచ్చింది. రాజు గారికి థాంక్స్. మీ వాళ్లలో ఒకాయన బయట నన్ను పట్టుకుని అరగంట తిట్టాడు.

వీల్‌లిఫ్ట్_రాజు
మూడు స్టిక్కర్లవాడై ఉంటాడు.

లాగ్ అడిగారా? వస్తే ఒక కాలమ్ చూడండి. రొటేషన్ దాటవేయడానికి డిస్పాచ్‌లో కోడ్స్ ఉంటాయి. 'ఫోన్ ఎత్తలేదు', 'ట్రక్ లేదు', 'ఓనర్ రిక్వెస్ట్'. చివరిది ముఖ్యం. ఓనరే ఫలానా కంపెనీ కావాలన్నాడు అని నొక్కితే వరస పక్కకి పోతుంది. ఇష్టమైన కంపెనీకి పని పంపాలంటే అదే దారి. ఇంకో లాభం కూడా ఉంది: ఓనర్ పిలిచినట్టు అయితే కౌంటీ గరిష్ఠ రేటు వర్తించదు.

శ్రీధర్_ఎఫ్ఎల్
లాగ్ మొన్ననే వచ్చింది, ఎక్సెల్ షీట్. ఇది చదివాక ఇప్పుడే నా రోజు వెతికాను. నా కారు ఎదురుగా 'ఓనర్ రిక్వెస్ట్' అనే ఉంది. నేను పిలుస్తానంటే వద్దన్నది వాళ్లే కదా!

పద్మజ_ఓర్లాండో
ఏదైనా కాగితం మీదో టాబ్లెట్ మీదో సంతకం పెట్టారా?

శ్రీధర్_ఎఫ్ఎల్
లేదండి. డ్రైవర్ కార్డు ఇచ్చి వెళ్లిపోయాడు, అంతే. ఇన్సూరెన్స్‌కి నేను చేసిన కాల్ మాత్రం ఫోన్‌లో ఉంది, టైంతో సహా.

పద్మజ_ఓర్లాండో
ఆ కాల్ స్క్రీన్‌షాట్, లాగ్‌లో ఆ వరస, బిల్లు, మూడూ కలిపి కౌంటీకి రాతపూర్వకంగా పంపండి. ఫారం లేకపోయినా పర్లేదు, కౌంటీ అటార్నీకి కాపీ పెట్టండి. డెప్యూటీ బాడీ కెమెరా వీడియో కూడా అదే ఈమెయిల్‌లో అడగండి. కొన్నాళ్లకి చెరిపేస్తారు, ఆలస్యం చేయొద్దు.

డేటా_కిట్టు
షీట్ నాకు పంపండి శ్రీధర్ గారూ. ఓనర్ రిక్వెస్ట్‌లు ఏ కంపెనీకి ఎన్ని వెళ్లాయో, ఏ షిఫ్ట్‌లో వెళ్లాయో రాత్రికి తీసి పెడతా.